నాలుగు పోగుల ముడి

క్యాన్సర్ కణాల్లో డీఎన్ఏ కొన్నిచోట్ల రెండు పోగులుగా కాక నాలుగు పోగుల ముడిగా చుట్టుకుంటుంది. ఆ ముడికి అతుక్కుని కణాన్ని పెరగనివ్వని రుథేనియం లోహపు మందు కోసం నేను ల్యాబ్‌లో పనిచేసేదాన్ని. అప్పుడే అమీర్‌పేటలో కుట్టు మిషన్లు బాగుచేసే మా అన్నకు ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చింది.

పంజాగుట్ట ఆసుపత్రిలో ప్లాటినం కీమో మందు ఎక్కుతుండగా అన్న అడిగాడు.

"చెల్లె, గీ మందు పనిచేస్తలేదు. నువ్వు చేసేది నాకియ్యరాదు?"

"అది ఇంకా గాజు పళ్ళెంలో కణాల మీదనే చూస్తున్నం అన్నా."

"నాకింకేమైతది? నా మీదనే చూడు."

అతని చల్లబడ్డ చేతులు రుద్దుతూ కూర్చున్నాను.

వానాకాలంలో అన్న పోయాడు. తర్వాత మా మందు మంచి కణాలను కూడా చంపుతోందని తేలింది. వదినకు చెబితే, "అయితే ఇచ్చినా బతికేటోడు కాదు" అంది. ఆమె మనసు కొంత కుదుటపడింది. నాకు మాత్రం ఏడుపొచ్చింది.