అడగకుండా తీసిన కొలతలు

ఆ రోజుల్లో నాకు రెండే రెండు పనులు బాగా వచ్చు. ఒకటి స్టోరు రిజిస్టరు కొట్టివేతలు లేకుండా రాయడం, రెండోది నన్నెవరు ఎప్పుడు తక్కువ చేశారో గుర్తుపెట్టుకోవడం. మొదటిది ఉద్యోగంలో నేర్చుకున్నాను, రెండోది పుట్టుకతోనే ఉంది. నెల్లూరు జిల్లాలో కోట ఊరు దాటి సముద్రం వైపు పోయే రోడ్డు మీద ఒక రొయ్యల షెడ్డులో స్టోరు అసిస్టెంటుగా చేరిన మొదటి రోజు, మేనేజరుగారు నాకు బోర్లించిన ఐసు పెట్టె ఒకటి చూపించి, "ప్రస్తుతానికి దీని మీద కూర్చో" అన్నారు. ఆ ప్రస్తుతం ఏడు నెలలు సాగింది. (చివరికి వచ్చిన కుర్చీకి కూడా ఒక చెయ్యి లేదు. దాని సంగతి మరోసారి ఎవరైనా అడిగితే వివరంగా చెప్పగలను.)

షెడ్డులో నలభై మంది ఆడవాళ్లు పొద్దున్నే వచ్చి, పొడుగాటి బల్లల ముందు నిలబడి రొయ్యల తలలు గిల్లేవాళ్లు. కాళ్ల కింద ఐసు కరిగిన నీళ్లు, పొట్టు, జిగురు. అందరివీ వట్టి కాళ్లే. ఒకరోజు వాకాడు నుంచి వచ్చే అక్క ట్రే ఎత్తుకుని నడుస్తూ జారి పడింది, మణికట్టు విరిగింది. ఆ వారంలోనే ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు వచ్చాడు. సన్నటి మనిషి, మెల్లగా మాట్లాడతాడు. నేలను కాసేపు చూసి, "పది రోజుల్లో మళ్లీ వస్తాను. ఇక్కడ నడిచే ప్రతి మనిషికీ జారని బూట్లు, కాలికి సరిపోయేవి ఉండాలి. ఒక్కరికి లేకపోయినా షెడ్డు మూసేయమని రాస్తాను" అన్నాడు. అప్పుడు రొయ్యల చెరువులన్నీ పట్టుబడికి వచ్చి ఉన్నాయి. షెడ్డు మూస్తే నలభై ఇళ్లలో పొయ్యి వెలగదు. మేనేజరుగారు చుట్టూ చూశారు. ఐసు పెట్టె మీద కూర్చున్నవాణ్ణి నేనొక్కణ్ణే కనబడ్డాను.

బూట్లు కొనాలంటే కొలతలు కావాలి. కొలతలు కావాలంటే ఆడవాళ్ల పెద్ద అయిన మేస్త్రీ అక్కను అడగాలి. అక్కడే వచ్చింది చిక్కు. అంతకు నెల ముందు నేను గ్లౌజులు లెక్కపెడుతుంటే ఆమె అందరూ వినేలా, "ఈ అబ్బయ్య లెక్క తేలేలోపల రొయ్యలు ముసిలివైపోతాయి గదమ్మా!" అంది. అందరూ నవ్వారు. ఇక జన్మలో ఈమెను ఏదీ అడగకూడదని నేను ఆ రోజే నిర్ణయించుకున్నాను. నిర్ణయం నిర్ణయమే. అయితే, వాళ్లంతా లోపలికి పోయేముందు గుమ్మం దగ్గర చెప్పులు విప్పుతారు కదా! మధ్యాహ్నం అన్నాల వేళ నేను టేపు పట్టుకుని, ఆ వరుస ముందు గొంతుక్కూర్చుని, నలభై జతలూ కొలిచాను. ముప్పై ఏడో జత దగ్గర వాచ్‌మన్ మామ వచ్చి వెనక నిలబడ్డాడు.

"ఏందబ్బయ్యా, ఆడోళ్ల చెప్పులతో నీకేం పని?"

"ఆఫీసు పని మామా."

"నేనూ ఈడ పదేళ్లుగా ఆఫీసు పనే చేస్తా ఉండా. ఇట్టాంటిది నాకెప్పుడూ చెప్పలా."

సాయంత్రానికి నా పేరు షెడ్డంతా 'చెప్పులబ్బయ్య' అయిపోయింది. నేను పట్టించుకోలేదు. (పట్టించుకోలేదు కాబట్టే ఇప్పుడు ఇంత స్పష్టంగా గుర్తుంది.)

మర్నాడు నెల్లూరు వెళ్లాను. బూట్ల కొట్లో పెద్దాయన రెండు రకాలు చూపించాడు: అడుగు నున్నగా మెరిసేవి, అడుగున లోతైన చారల్లా గాళ్లు తీసినవి. "రెండూ జారవు బాబూ" అన్నాడు. నేను ఊరికే నమ్మే మనిషిని కాను. వెంట తెచ్చుకున్న టిఫిన్ క్యారియరు తెరిచి, అందులోని రొయ్యల తలల జిగురు ఆయన మొజాయిక్ నేల మీద పోశాను.

"ఒరే, ఒరే! ఏందిది సామీ! ఏం కంపు!"

"పరీక్ష" అన్నాను. నున్నటి బూటు వేసుకుని అడుగు వేస్తే బల్ల దాకా జారిపోయాను. గాళ్లున్న బూటుతో వేస్తే గుంజలా నిలబడ్డాను. ఆ క్షణంలో నా మీద నాకు కలిగిన గౌరవం ఇంతా అంతా కాదు. నేను ఎనిమిది, తొమ్మిది, పది నంబర్లు రాసి ఉన్న కాగితం ఇచ్చాను. పెద్దాయన ముక్కు మూసుకునే చదివి, "ఇవి ఆడోళ్లకా, మొగోళ్లకా?" అని అడిగాడు. "స్వయంగా కొలిచి తెచ్చాను" అన్నాను గట్టిగా. ఆయన చీపురు కోసం లోపలికి వెళ్లాడు.

బూట్లు దిగిన రోజు మేస్త్రీ అక్క ముందుగా వేసుకుంది. ఒక అడుగు వేసింది. కాలు వచ్చింది, బూటు అక్కడే ఉండిపోయింది. రెండో ఆమె రెండు చేతులతో బూట్లు పైకి లాక్కుంటూ, చెరువులో దిగిన కొంగలా నడిచింది. మూడో ఆమె, "అక్కా, ఇందులో మా చిన్నోణ్ణి గూడా ఏసుకోని నడవొచ్చు" అంది. షెడ్డు నవ్వులతో దద్దరిల్లింది. నేను మాత్రం పట్టు విడవలేదు. "మీ చెప్పులు కొలిచే తెచ్చాను. ఒక్కో జతకూ లెక్క ఉంది" అన్నాను.

మేస్త్రీ అక్క నవ్వు ఆపి నా వైపు జాలిగా చూసింది. "అబ్బయ్యా, రొయ్యల షెడ్డుకి మంచి చెప్పులు ఎవురేసుకొస్తారు? కంపు పోతుందా? మొగోళ్లు తొడిగి పారేసిన పాతవి ఏసుకొస్తాం. నువ్వు కొలిచినావే, అవి మా ఆయన చెప్పులు."

నలభై మంది మగవాళ్ల కాళ్లు, నేను ఎన్నడూ చూడనివి, శ్రద్ధగా కొలిచానన్నమాట. ఇన్‌స్పెక్టరు రావడానికి ఇంకా మూడు రోజులున్నాయి. ఒక్క మాట అడిగుంటే పోయేది. అది నాకు తెలుసు, ఆమెకు తెలుసు, ఆమెకు తెలుసునన్నదీ నాకు తెలుసు. ఆమే ముందు అంది: "అడిగితే నీ సొమ్మేం పోతుందబ్బయ్యా? షెడ్డు మూస్తే పస్తులుండేది మేము గదా." అందులో ఎగతాళి లేదు. తల దించుకుని, "అక్కా, కొలతలు కావాలి" అన్నాను. ఆమె పాత పేపర్లు పరిచింది. ఒకరి పాదం చుట్టూ ఇంకొకరు పెన్సిలుతో గీశారు, నేను పేర్లు రాసుకున్నాను. నలభై పాదాల పేపరు కట్ట చంకన పెట్టుకుని మళ్లీ నెల్లూరు బస్సెక్కాను. కొట్టు పెద్దాయన నన్ను చూడగానే నా చేతిలో క్యారియరు ఉందేమోనని చూశాడు. లేదని నిర్ధారించుకున్నాకే లోపలికి రానిచ్చి, బూట్లు మార్చి ఇచ్చాడు.

చెప్పిన రోజుకు ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఒక బూటు తిప్పి అడుగు చూశాడు. జిగురు మీద ఆనించి నొక్కి చూశాడు. "బాగున్నాయి. ఎవరు ఎంచారు?" అన్నాడు. మేనేజరుగారు చేతులు కట్టుకుని, "మేమే సార్, దగ్గరుండి చూసుకున్నాం" అన్నారు.

దగ్గరుండా! ఆయన ఆ పది రోజుల్లో కుర్చీ దిగితే ఒట్టు. గడప అవతల నిలబడి ఉన్న నాకు ఒళ్లు మండింది. "సార్, అది నేను..." అంటూ లోపలికి ఒక్క అడుగు వేశాను. నా కాలికి ఉన్నవి రబ్బరు చెప్పులు. నలభై మందికి బూట్లు ఎంచిన మనిషి తన పేరు రాసుకోవడం మరిచిపోయాడు. అడుగు పూర్తికాకముందే వెల్లకిలా పడి, బల్ల కింది దాకా జారి ఆగాను. ఇన్‌స్పెక్టరు పెన్ను తీశాడు. "ఈయనకేవీ బూట్లు?"

ఒక్కరికి లేకపోయినా అన్నాడు కదా. నలభై మంది చేతుల్లో రొయ్యలు ఆగిపోయాయి. మేనేజరుగారి ముఖం తెల్లబోయింది. అప్పుడు మేస్త్రీ అక్క ముందుకు వచ్చింది. "సార్, ఆయన స్టోరు మనిషి. మా బల్లల కాడికి ఎప్పుడూ రాడు. ఈ పొద్దు మేనేజరు సార్ మాట ఇని తట్టుకోలేక దూకినాడు. ఎంచింది ఆయనే సార్. మా కాళ్లు గీసుకోని పోయి మరీ తెచ్చినాడు. చూడండి" అని కాలు ఎత్తి, ఆ జిగురులో దభీమని వేసింది. కాలు కదల్లేదు.

ఇన్‌స్పెక్టరు మొదటిసారి నవ్వాడు. మూసేయమని రాయలేదు. 'స్టోరు అసిస్టెంటుకు ఒక జత, వెంటనే' అని రాసి వెళ్లిపోయాడు. నాకు దక్కాల్సిన పేరు అలా నలుగురిలో దక్కింది. కాకపోతే నేను బల్ల కింద, జుట్టు నిండా పొట్టుతో పడి ఉన్నప్పుడు దక్కింది. దాన్ని ఇప్పటికీ ఏ ఖాతాలో వేసుకోవాలో తేల్చుకోలేకపోతున్నాను.

అప్పుడప్పుడు ఐసు పెట్టె మీద కూర్చున్న ఆనాటి కుర్రాడు నాకు ఎదురుపడితే బాగుండనిపిస్తుంది. పక్కన కూర్చోబెట్టుకుని, "నాయనా, తెలియనిది అడుగు, అడిగితే మనిషి తగ్గిపోడు" అని నాలుగు మంచి మాటలు చెప్పాలని ఉంటుంది. కానీ వాడి సంగతి నాకు తెలియనిదా? చివరి దాకా మర్యాదగా వింటాడు, తల ఊపుతాడు. ఆ తర్వాత, అడగకుండా సలహా ఇచ్చినందుకు నన్ను బతికున్నన్నాళ్లూ గుర్తుపెట్టుకుంటాడు.