ఒక్క దరఖాస్తు, వంద బురుజులు

శనివారం ఉదయం తొమ్మిది పదికి ఐసెలిన్ స్టేషన్‌లో రైలెక్కాం: నేను, మా అక్క కూతురు కరుణ, ఆమె కూతురు హన్నా. టికెట్లు కరుణ ఫోన్‌లో, కోడిపలావు డబ్బా నా ఒళ్లో. ఇక్కడ పన్నెండో తరగతి పిల్లలు ఇష్టమైన ఒక్క కాలేజీకి ముందస్తు దరఖాస్తు పంపుకోవచ్చు. గడువు మంగళవారం. మేం చూడబోయే పాత విశ్వవిద్యాలయానికే పంపాలని కరుణ పట్టు. హన్నాకు నర్సింగ్ కావాలి. అక్కడ అది లేదు; అదున్న కాలేజీ ఒకటి తనే చూసి పెట్టుకుంది.

"అమ్మమ్మ మిషన్ ఆస్పత్రిలో ముప్ఫై ఏళ్లు బెడ్‌పాన్లు మోసింది చాలదటే?" అంది కరుణ.

"అమ్మమ్మకి అది ఇష్టం మమ్మీ. షి టోల్డ్ మీ," అంది హన్నా.

పదిన్నరకు చేరాం. చూడగానే కోట అనుకుంటాం. కోసుగా లేచిన తోరణాలు, బురుజులు, బాణాలు వేయడానికి తప్ప ఎందుకూ పనికిరాని సన్న కిటికీలు. యుద్ధం ఎవరి మీదో తెలియలేదు. వాననీరు కక్కే రాతిబొమ్మల్లో ఒకటి పుస్తకం పట్టుకున్న కోతి. మమ్మల్ని గుంపుగా తిప్పి చూపించిన గైడ్ గోడల వయసు చెప్పాక లెక్కేశాను: బందరులో నేను చదివిన బడి వీటికి అక్క అవుతుంది.

మా గుంపులో సగం తెలుగువాళ్లే. ప్లేనో నుంచి విమానంలో వచ్చిన ఒకాయన గోడను తట్టి, "రియల్ స్టోనేనండీ, పైన అతికించిన క్లాడింగ్ కాదు," అని భరోసా ఇచ్చాడు. ప్రార్థనాలయంలో కరుణ కళ్లు మూసుకుంది. ఆ ప్రార్థనలో యేసు పేరు ఒకసారి, కాలేజీ పేరు రెండుసార్లు వినబడ్డాయి.

పన్నెండింటికి ప్రధాన ద్వారం దగ్గర ఆగాం. చదువు ముగియకుండా అందులోంచి బయటికెళ్తే పట్టా రాదని విద్యార్థుల నమ్మకమట. గైడ్ నవ్వుతూ చెప్పాడు. తల్లిదండ్రులు నవ్వలేదు, పిల్లల్ని పట్టుకుని పక్కదారి వైపు మళ్లారు. సీటింకా రాలేదు, పట్టాకు కాపలా మొదలైంది.

"మనం శకునాలు నమ్మం అనుకో మావయ్యా, అయినా ఎందుకొచ్చిన రిస్క్?" అంటూ కరుణ హన్నా చెయ్యి పట్టుకుంది.

హన్నా మెల్లగా విడిపించుకుంది. "సారీ మమ్మీ." ద్వారం నట్టనడుమ నుంచి నడిచి, వీధిలోకి వెళ్లి నిలబడింది.

"అయ్యయ్యో!" అన్నాడు ప్లేనో ఆయన, ఎవరో లారీ కింద పడ్డట్టు.

పోయే పట్టాలేవీ మాకు లేకపోయినా, కరుణా నేనూ పక్కదారినే చుట్టి వచ్చి ఆ పిల్లను కలుసుకున్నాం.

ఒంటిగంటన్నర రైల్లో పలావు తిన్నాం. చూడదగ్గ చోటే, వెళ్లండి. రాతిపని గొప్పది, నీడ చల్లన. చూసి వచ్చేద్దామనుకునేవారికి ఏ ఇబ్బందీ లేదు. చిక్కంతా లోపల సీటు కోరేవారికే.

ఐసెలిన్ దగ్గరపడుతుండగా కరుణ అడిగింది. "ఆ నర్సింగ్ కాలేజీ గేటెలా ఉంటుందే?"

"గేట్ లేదు మమ్మీ. పార్కింగ్ లాట్ ఉంది."

కరుణ డబ్బా మూత బిగించింది. "అయితే రేపు చర్చి అవగానే డ్రైవ్ చేసుకుని వెళ్లి చూద్దాం."