మూడు చుక్కల కుముష్ అక్క

కుముష్ అక్కను పనిలోంచి తీసేయబోయింది నేనే. జీతం లేని పనే అనుకోండి, అయినా తప్పు తప్పే. ముందే ఒప్పేసుకుంటే నా మనసు కాస్త కుదుటపడుతుంది.

ఆమె బిష్కెక్‌లో ఒక పాలిక్లినిక్ కిటికీ వెనక కూర్చుని ముప్పై ఒక్క ఏళ్లు రోగుల చీటీలు రాసింది. మా కిర్గిజ్ భాషకే సొంతమైన అక్షరాలు మూడున్నాయి. రష్యన్ కీబోర్డులో అవి ఉండవు. దాంతో ఒకరి పేరు ఇంకొకరి పేరైపోయి, ఒకసారి ఒక పెద్దాయన చేతికి గర్భిణి చీటీ వెళ్లిందట. ఆయన పెట్టిన కేకలకు కిటికీ అదిరిపోయింది. ఆ వారమే అక్క మా గుంపులో చేరింది.

మేం చేసేది కిర్గిజ్ కీబోర్డు, తప్పులు పట్టే సాఫ్ట్‌వేర్. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, ఎవరైనా బాగుచేసి పంపవచ్చు. పంపినదాన్ని చూసి లోపలికి రానిచ్చే హక్కు కొందరికే ఉంటుంది. దాన్ని తాళంచెవి అంటాం. పన్నెండేళ్లుగా అక్క దగ్గర ఒకటుంది. కొత్తవాళ్లు ఒక్క కామా పంపినా ఆమె చదివి జవాబిస్తుంది: "బంగారు కొండా, బాగుంది. అక్షరం నడుమ గీత ఎక్కడ పారేసుకున్నావ్?"

నేను చేరి రెండేళ్లే. మనుషుల మధ్య సంబంధాలను లెక్కగట్టడం నా చదువు. అందుకే గుంపు పెద్ద నాజిరా నాకో పని పెట్టింది.

"వాడని తాళంచెవులు దొంగల పాలవుతాయి తమ్ముడూ. ఎవరు పనిచేస్తున్నారో తేల్చిపెట్టు."

ఎవరి పని ఎవరు చూశారు, ఎవరికి ఎవరు జవాబిచ్చారు, ఏడాది లెక్కంతా తీశాను. పేరుకో చుక్క, జవాబుకో గీత. వంద గీతలు దాటకపోతే తాళంచెవి వెనక్కి ఇచ్చేయాలి. పటం చూసుకుని నేనే మురిసిపోయాను.

ఆదివారం మధ్యాహ్నం నాజిరా ఇంట్లో కూడాం. అక్కను ముఖాముఖి చూడటం నాకదే మొదలు. బోర్సోక్‌లు, అదే నూనెలో వేయించిన పిండిముక్కలు, చాయ్‌లో ముంచుకు తింటూ ఆమె సంబరంగా చెబుతోంది. "వచ్చే నెల నాకు పింఛను. కిటికీ పోతుంది. ఇక నాకు మిగిలేది ఈ తాళంచెవే!"

నా చేతిలో వంద దాటనివాళ్ల జాబితా, అందులో ఆమె పేరు. చేసేదేముంది, తల వంచుకుని చదివాను.

"కుముష్, డెబ్బై రెండు."

"ఉన్నాను," అంది అక్క. ముఖం పాలిపోయింది.

"కుముష్, ఎనభై ఎనిమిది."

"ఉన్నాను."

"కుముష్, తొంభై ఒకటి."

"ఉన్నానని చెబుతున్నా కదయ్యా! ఎన్నిసార్లు పిలుస్తావ్? చెవుడా నీకు?"

"మీరొక్కరే కదక్కా. వీళ్లు ముగ్గురు..."

"ఏ ముగ్గురు? ఏదీ, ఇటివ్వు." కళ్లజోడు సర్దుకుని చూసింది. "ఓరి నీ తెలివి తెల్లారినట్టే ఉంది! ఇది పాలిక్లినిక్ కంప్యూటర్లో రాసిన పేరు, అక్కడ మన అక్షరం లేదు. ఇది ఇంట్లో, మన కీబోర్డుతో. ఇది ఫోన్లో, ఇంగ్లీషు అక్షరాలతో. మూడూ నేనే కదరా!"

నాజిరా నవ్విన నవ్వుకు చాయ్ ఒలికింది. "అక్షరాలు కాపాడదామని గుంపు పెట్టి, అక్షరం లేదని మనిషినే పోగొట్టుకోబోయాం!"

అక్కడికక్కడే మూడు చుక్కలూ కలిపేశాను. రెండు వందల యాభై ఒకటి. కలిసిన చుక్క పటం నడుమకొచ్చి కూర్చుంది. కొత్తగా చేరినవాళ్లలో సగంమంది మొదటి గీత ఆమెకే. నాది కూడా.

"ఇంత లావుగా గీశావేం?" అంది అక్క, ఇంకో బోర్సోక్ అందుకుంటూ. తర్వాత ఆమె చూపు పటం అడుగున నా పేరు మీద ఆగింది. "తొలొగొన్, నీ పేరులో 'ఒ'లు మూడూ ఉత్త సున్నల్లా ఉన్నాయి. మూడింటికీ నడుమ అడ్డగీత ఉండాలి. ఎక్కడ పారేసుకున్నావ్?"

"బడి కాగితాల్లోనే అలా పడిందక్కా. అప్పటినుంచీ అంతే."

"బడి సంగతి బడిది. ఇది మన ఇల్లు."

అక్కడే కూర్చుని పేరు దిద్ది పంపాను. ముప్పై నాలుగేళ్లొచ్చాయి నాకు, కీబోర్డు మీద నా పేరు సరిగ్గా రాసుకోవడం అదే మొదలు. సిగ్గేసింది, కళ్లూ చెమర్చాయి. ఎదురుగా అక్క ఫోన్ తీసింది, చదివింది, తాళం తీసింది. క్షణంలో నాకు జవాబొచ్చింది.

"బంగారు కొండా, బాగుంది. లోపలికి రా."