క్లబ్‌హౌస్‌లో క్షమాపణ పాఠాలు

మొన్న మంగళవారం పొద్దున మా మియాపూర్ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో, నీళ్ల ట్యాంకర్ ఆలస్యమన్న సందేశం కిందే, అయిదో అంతస్తు డాక్టరు గారు నిద్రలోనే పోయారన్న కబురు వచ్చింది. ఆయన రిటైరైన సర్జన్.

పత్రికలో ఆసుపత్రి కేసుల గురించి రాసే నాకు ఆయన చెప్పే మాట ఒకటే. "పొరపాటు ఒప్పుకుంటే ఆ మాటే కోర్టులో మన మీద సాక్ష్యమండి. అందుకే అందరూ నోరు మూసుకుంటున్నారు. డాక్టరు తనంతట తాను చెప్పింది సాక్ష్యం కాకూడదని చట్టంలో రాయాలి." ఆ సవరణ ముసాయిదా పట్టుకుని చాలా ఆఫీసులు తిరిగారు. చట్టం ఇంకా మారలేదు.

అది మారేదాకా ఆగుదామని ఆయన ఊరుకోలేదు. ఆదివారాలు క్లబ్‌హౌస్‌లో కుర్ర డాక్టర్లను కూర్చోబెట్టి, రోగి బంధువులకు నిజం చెప్పడం ప్రాక్టీసు చేయించేవారు. రోగి తల్లి వేషం మా మెట్లు తుడిచే పాలమూరు ఆమెది. ఒకాయన "కాంప్లికేషన్ వచ్చిందమ్మా" అంటే, ఆమె చీపురు పక్కన పెట్టి, "గదేంది సారూ? నువ్వు చేసినవా, దానంతట అదే అయిందా? ముందుగాల గది చెప్పు" అనేది. అందరికంటే గట్టిగా నవ్వేది డాక్టరు గారే. "ఆవిడ పాస్ చేస్తేనే మీరు పాస్" అనేవారు.

నిరుడు మా రెండో అంతస్తు డాక్టరమ్మాయికి అది నిజంగానే అవసరపడింది. ఒక క్యాబ్ డ్రైవరుకు పడదని కేసు షీటులో రాసి ఉన్న ఇంజెక్షనే ఆమె ఇచ్చేసింది. అతను రెండు రోజులు ఐసీయూలో ఉండి బయటపడ్డాడు. కారణం ఇంట్లోవాళ్లకు తెలియదు. చెప్పొద్దన్నాడు ఆసుపత్రి లాయరు. చెబితే ఉద్యోగమూ, రిజిస్ట్రేషనూ రెండూ పోవచ్చు.

"భయంగా ఉంది సార్," అంది డాక్టరు గారితో.

"ఉండనీ అమ్మా. రేపు అతనికి ఇంకొకరు అదే ఇంజెక్షన్ ఇస్తే?"

శేరిలింగంపల్లిలో డ్రైవరు ఇంటికి వెళ్లి చెప్పింది. డాక్టరు గారూ నేనూ గుమ్మం దగ్గర నిలబడ్డాం. డ్రైవరు భార్య అరగంట తిట్టింది. "ఇంత చదివినవు, కాగితం మీద రాసింది చదువనీకి ఏమైంది?" చివరికి, "ఎవ్వరు చెప్పలే, నువ్వన్న చెప్పినవ్. ఇగ ఆ మందు పేరు తెలుగుల పెద్దగ రాసియ్యి" అంది.

వాళ్లు కేసు వేయలేదు. అమ్మాయి ఉద్యోగం నిలిచింది. అన్ని కుటుంబాలూ ఇలాగే చేస్తాయని నేను రాయలేను. తిరిగొస్తూ డాక్టరు గారు కారాపించి మాకు మిరపకాయ బజ్జీలు కొనిపెట్టారు, తనకు రెండు ఎక్కువ.

అంత్యక్రియలకు ఎవరూ పిలవకుండానే ఆ డ్రైవరు క్యాబ్ తెచ్చాడు. ముందు సీట్లో డాక్టరమ్మాయి కూర్చుంది. ఆమె ఎదురుగా, డాష్‌బోర్డు మీద దేవుడి బొమ్మ పక్కన, ఒక అట్టముక్క మీద ఆమె చేతిరాతలో అతనికి పడని మందు పేరు. కారు మలుపు తిరిగినప్పుడల్లా ఆ అట్టముక్క మీద ఎండ పడుతోంది.