ఇద్దరి బరువు తెప్ప

కోట దగ్గర సముద్రపొడ్డు పాలెంలో నేను బడిపంతులుగా ఉన్నప్పుడు, తెప్పలు కట్టే పెద్దాయన ఒకాయన ఉండేవాడు. ఎవరికి తెప్ప కట్టాలన్నా ముందు ఆ మనిషిని చంకల కింద పట్టి పైకెత్తి బరువు చూసి, తరవాతే దుంగలు ఎంచేవాడు.

ఆయన సొంత తెప్ప మాత్రం ఇద్దరి బరువుకు కట్టింది. తోడు వచ్చే తమ్ముడు చనిపోయాక, అతను కూర్చునే చోట ఇసుక గోతం పెట్టుకుని వేటకు పోయేవాడు. “తేలికైతే తెప్ప మాట వినదు” అనేవాడు.

ఆదివారాలు నన్నూ తీసుకుపోయేవాడు. ముందు నన్ను ఎత్తి చూసి, “మా తమ్ముడికంటే తక్కువే ఉండావు అయ్యోరా” అంటూ గోతంలో కొంచెం ఇసుక మిగిల్చేవాడు.

ఆయన పెట్టిన చేపలకూరతో మూడేళ్లలో ఒళ్లు చేశాను. ఒకరోజు ఎత్తి దించి, “ఇప్పుడు సరిపోయినావు” అని గోతం మొత్తం కుమ్మరించేశాడు.

నాకు బదిలీ అయిందని చెప్పడానికే ఆరోజు వెళ్లాను. చెప్పాను.

ఆయన గొంతుక్కూర్చుని, దోసిళ్లతో ఇసుక మళ్లీ గోతంలోకి ఎత్తుకోసాగాడు.