కొయ్య మీద బిగించిన జీపీఎస్

మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డున ఊరు. మా తెరచాప పడవకి జీపీఎస్ కొనడానికి మా ఆయనతో, నా తమ్ముడు ఎర్రన్నతో నేనూ వెళ్లాను. మా ఆయన పెద్ద తెర ఉన్నదే కావాలన్నాడు.

"సిన్నది సాలు బావా. పెద్దదైతే మన సేపల తావులు పక్క పడవోడికీ కనపడిపోతాయి," అన్నాడు ఎర్రన్న.

మా ఆయన వింటేగా! పెద్దదే కొని, తెరచాప కొయ్య మీద ఎత్తుగా బిగించాడు.

వారం తిరగకముందే, మా మామగారు మాకు మాత్రమే చెప్పిపోయిన తావులో వేరేవాళ్ల వలలు కనిపించాయట. పడవ ఒడ్డుకు చేరగానే మా ఆయన తెడ్డు ఎత్తాడు.

"ఎవుడికి సెప్పీసినావురా?"

మొదటి దెబ్బకి ఎర్రన్న నుదురు చిట్లింది. అడ్డం వెళితే రెండో దెబ్బకి నా మణికట్టు విరిగింది. తూలి పక్క పడవ మీద పడ్డాను. తలెత్తితే ఎదురుగా మా జీపీఎస్ ఇంకా వెలుగుతోంది. కళ్లజోడు లేకపోతే చూపు ఆనని నాకే అక్కణ్ణుంచి, అందులో ఎక్కించుకున్న మా తావుల అంకెలన్నీ కనపడ్డాయి.

"ఇలాగొచ్చి సూడు!" అని అరిచాను. చూశాడు. చేతిలో తెడ్డు జారిపోయింది.

కుట్లు వేయించుకొచ్చాక ఎర్రన్నే జీపీఎస్‌ని విప్పి, కిందగా చుక్కాని దగ్గర బిగించాడు. మా ఆయన తలొంచుకుని స్క్రూలు అందించాడు.

నా చెయ్యి అతుక్కుంది. వాళ్లిద్దరూ ఇప్పటికీ కలిసే వేటకి వెళతారు. ఎర్రన్న మాత్రం మా ఆయన తెడ్డుకి అందనంత దూరంలో కూర్చుంటాడు.