చీటీ ఉంది, పాట లేదు

ప్రార్థన చేసుకునే మనిషిని. ఉన్న మాటే రాస్తున్నాను. ఆ రాత్రి నా చెవులతో విన్నాను.

మా అమ్మాయి కరుణది కంప్యూటరు పని. పిఠాపురంలో మా ఇంట్లోంచే చేస్తుంది. పొద్దస్తమానం చెవుల్లో ఇయర్‌ఫోన్లు... నాతో మాట్లాడే మనిషి మా ఆయనే. ఆయన పోయాక, క్రిస్మస్‌కు ఆయన పాడిన పాటను కంప్యూటరులో దాచి, తెర మీద ఆయన బొమ్మ పెట్టింది కరుణ. నొక్కితే పాట వచ్చేది.

"బొమ్మలో పాట లేదమ్మా. అది లింకు. పాట ఎక్కడుందో రాసిన చీటీ అనుకో" అంది. అలాంటి చీటీలు చదవడానికి కంప్యూటరులో ఏడు ఫంక్షన్లు, అంటే చిన్న చిన్న ప్రోగ్రాములు, ఉన్నాయట. వాటిని కుదించి ఒక్కటి చేయడమే తన పనట.

"ఒక్క చీటీకి ఏడుగురా? మన సంఘం కమిటీలా ఉందే!" అన్నాను. పడీ పడీ నవ్వింది.

ఓ శనివారం... ఆదివారానికి ఇల్లు కడుక్కునే అలవాటు కదండీ... తడిగుడ్డతో కంప్యూటరు మీటలు కూడా తుడిచేశాను. ఏది నొక్కుకుపోయిందో, పాట చెరిగిపోయింది. ఇంకెక్కడా లేదు. బొమ్మ మాత్రం మిగిలింది. అయినా రోజూ నొక్కేదాన్ని. 'దొరకలేదు' అని వచ్చేది.

మొన్న వానల్లో కరుణ స్నేహితురాలి పెళ్లికి రాజమండ్రి వెళ్లింది. "కుదించిన కోడ్‌కి రాత్రంతా పరీక్ష పెట్టాను. కంప్యూటరు ఆపకు. ఈసారి తుడవకు తల్లీ!" అని దణ్ణం పెట్టి మరీ వెళ్లింది.

రాత్రి. వాన వెలిసింది. చూరు నీళ్లు... టప్... టప్... నిద్ర పట్టక బొమ్మ నొక్కాను.

పాట వచ్చింది!

రెండో చరణంలో ఆయన దగ్గుతారు. దగ్గారు... తర్వాత ఊపిరి తీసుకుని పాట ఎత్తుకోవాలి. ఊపిరి వినిపించింది... పాట రాలేదు.

"సుగుణా... గడియ వేశావా?"

రోజూ పడుకునే ముందు ఆయన అడిగే మాట. ఆ పాటలో అది ఎప్పుడూ లేదు.

తలుపు దగ్గరకు వెళ్లాను. గడియ... వేసి లేదు. వేశాను. వచ్చి మళ్లీ నొక్కాను. 'దొరకలేదు.'

కరుణ వచ్చి అంతా వెతికింది. "నా కోడ్ తప్పైతే ఇంకేదో పాట తెరుచుకోవాలి. లేనిది ఎలా తెరుచుకుంటుందమ్మా? కల వచ్చిందేమో."

"మరి గడియ?"

తలుపు దాకా వెళ్లి గడియ లాగి చూసింది. వచ్చి, "ఆ బొమ్మ తీసేయనా?" అంది.

"ఉండనీలేవే."

కోడో, కలో, ఆయనో... ఇప్పటికీ నాకు తెలియదు. కరుణ ఊరెళ్లిన రాత్రుల్లో మాత్రం బొమ్మ నొక్కి కూర్చుంటాను. గడియ వేయనండి.